డ్రాపర్ సీటు పోస్ట్ పట్టేస్తోందా? కార్ట్రిడ్జ్ మార్చే ముందు ఇవి చూడండి

వానలు తగ్గి, అందరూ మళ్లీ అనంతగిరి వైపు సైకిళ్లు తీసే రోజులు వచ్చాయంటే నాకు వచ్చే ప్రశ్నల్లో సగం ఇదే ఉంటుంది. "లివర్ నొక్కితే సీటు పైకి రావట్లేదు. చేత్తో లాగితే వస్తోంది. కార్ట్రిడ్జ్ పోయిందా?"

డ్రాపర్ అంటే లివర్ నొక్కితే సీటును దించి లేపే పోస్ట్, కార్ట్రిడ్జ్ అంటే దాన్ని పైకి నెట్టే లోపలి గ్యాస్ గొట్టం. చాలాసార్లు అది పోయి ఉండదు. నా చేతికి వచ్చిన పట్టేసిన డ్రాపర్లలో ఎక్కువ వాటికి కారణం ఈ మూడింట్లో ఒకటి: అతిగా బిగించిన క్లాంప్ బోల్టు (పోస్ట్‌ను ఫ్రేమ్‌లో పట్టి ఉంచేది), బరువుగా కదిలే వైరు, కాలర్ దగ్గర (లోపలి గొట్టం బయటి గొట్టంలోకి దిగే చోటున్న చుట్టు) చేరిన మట్టి. మూడూ ఇంట్లో కూర్చుని సరిచేసుకోగలిగేవే.

నా మొదటి డ్రాపర్‌కీ ఇదే జరిగింది. చూపించిన చోట "లోపలి కార్ట్రిడ్జ్ పోయింది, కొత్తది తెప్పించాలి" అన్నారు. డబ్బు కట్టి ఆరు వారాలు ఆగాను. కొత్తది వేశాక కూడా సీటు అలాగే నెమ్మదిగా, మూలుగుతూ పైకొచ్చింది. ఆ సాయంత్రం ఊరికే సీటు క్లాంప్ బోల్టును పావు చుట్టు వదులు చేశాను. సీటు టక్కున పైకొచ్చి ఆగింది. అనుమానం తీరక పాత కార్ట్రిడ్జ్ మళ్లీ వేసి చూస్తే అదీ చక్కగా పనిచేసింది. కింద రాసిన వరుస ఆ రోజు నుంచి నేను పాటిస్తున్నది. ముందు పైపైన చూడాల్సినవి, ఆ తర్వాతే లోపలివి. ఖర్చు లేనివి ముందు, ఖర్చున్నవి చివర. దయచేసి అంచెలు దాటేయకండి.

"సీటు కాస్త మొరాయిస్తే ఏమైంది, తొక్కేద్దాం" అనుకునేవాళ్లకు ఒక మాట. దిగుడులో సగం పైకి నిలిచిపోయిన సీటు మీ బరువును వెనక్కి పోనివ్వదు, పొట్టకు తగులుతుంది. సీటు అడ్డం లేకపోతే ఎంత తేడా వస్తుందో రోడ్డు రేసుల వాళ్లు కూడా చూశారు. 2022 మిలాన్–సాన్ రెమోలో మాతేయ్ మోహోరిచ్ రోడ్డు సైకిల్‌కే డ్రాపర్ పెట్టుకుని, పోజ్జో కొండ దిగుడులో అందరినీ వదిలేసి వెళ్లి గెలిచాడు. రాళ్ల దారిలో తొక్కే మనకు అది ఇంకా ఎక్కువ అవసరం. బాగా పనిచేసేలా ఉంచుకుందాం.

ఇది ప్రధానంగా వైరుతో పనిచేసే డ్రాపర్ల గురించి. మన దగ్గర ఎక్కువమందికి ఉన్నవి అవే. నూనె గొట్టంతోనో వైర్‌లెస్‌గానో పనిచేసేవి ఉన్నవాళ్లు వైరు గురించి రాసింది వదిలేసి మిగతాది పాటించవచ్చు.

అసలు లోపల ఏం జరుగుతుంది

రెండు ముక్కల్లో చెప్తాను. ఫ్రేమ్‌లో బిగించిన బయటి గొట్టంలో మెరిసే లోపలి గొట్టం జారుతూ ఉంటుంది. లోపల గాలో నైట్రోజనో దాన్ని ఎప్పుడూ పైకి నెడుతూనే ఉంటుంది. ఒక చిన్న వాల్వ్ తాళంలా ఆపుతుంది, లివర్ నొక్కితే ఆ తాళం తెరుచుకుంటుంది. కాబట్టి సీటు పట్టేస్తే మూడే కారణాలు: తాళం పూర్తిగా తెరుచుకోవట్లేదు, నెట్టే బలం తగ్గింది, లేదా జారే దారిలో రాపిడి పెరిగింది.

ముందు లక్షణం సరిగ్గా చూడండి

"పట్టేస్తోంది" అని అందరూ ఒకే మాట అంటారు కానీ జబ్బులు వేరు.

పైకి నెమ్మదిగా వస్తోంది, లేదా చివరి రెండు సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతోంది అంటే ముందు క్లాంప్‌ను, తర్వాత వైరును, మట్టిని అనుమానించండి. కిందికి దిగడానికి గట్టిగా అదమాల్సి వస్తోంది అంటే వైరు లాగడం సరిపోవట్లేదు, లేదా లోపల గాలి మరీ ఎక్కువ ఉంది. కూర్చుంటే మెల్లగా కుంగిపోతోంది, లేదా లివర్ ముట్టుకోకుండానే పైకి లేస్తోంది అంటే వైరు మరీ బిగుతుగా ఉంది. ఇక స్ప్రింగు మీద కూర్చున్నట్టు అర సెంటీమీటరు మెత్తగా ఊగుతోంది అంటే అది వేరే సంగతి, నూనెలోకి గాలి చేరింది. దాని గురించి 7వ అంచెలో ఉంది.

పరీక్షించేటప్పుడు సీటు ముక్కు మీదో వెనక అంచు మీదో చెయ్యి పెట్టి నొక్కకండి. అలా నొక్కితే గొట్టం ఒక పక్కకు ఒరిగి మంచి పోస్ట్ కూడా పట్టేసినట్టు అనిపిస్తుంది. సీటు మధ్యలో నొక్కండి. ఇంకా మంచిది, మామూలుగా కూర్చుని దించండి.

కావలసినవి

4, 5, 6 మిల్లీమీటర్ల ఆలెన్ కీలు, చిన్న సైజులు రెండు మూడు. ఉంటే టార్క్ రెంచ్ (ఎంత బలంతో బిగించామో చూపేది). నూలు పోగులు వదలని పాత బనియన్ గుడ్డ. ఐసోప్రొపైల్ ఆల్కహాల్. సస్పెన్షన్ ఫోర్క్ సీళ్లకు వాడే పలచటి గ్రీజు, చిన్న డబ్బా చాలు, ఏళ్లు వస్తుంది. కొత్త గేర్ ఇన్నర్ వైరు ఒకటి, గేర్ అవుటర్ (వైరు బయటి తొడుగు) రెండు మీటర్లు, మంచి కేబుల్ కట్టర్. మీ పోస్ట్‌కు గాలి వాల్వ్ ఉంటే షాక్ పంప్. గుర్తు పెట్టడానికి ఎలక్ట్రికల్ టేపు. ఒక ఫోన్, విప్పే ముందు ప్రతిదీ ఫోటో తీయడానికి.

డబ్ల్యూడీ-40 ఈ జాబితాలో లేదు. ఇంట్లో ఉన్నా దాన్ని ఈ పనికి తీయకండి. ఎందుకో 6వ అంచెలో చెప్తాను.

1. తుడిచి చూడండి

సీటు పూర్తిగా పైకి లేపి (చేత్తో లాగాల్సి వస్తే లివర్ నొక్కి పట్టుకుని లాగండి) మెరిసే గొట్టాన్ని ఆల్కహాల్ తడిపిన గుడ్డతో చుట్టూ తుడవండి. ముఖ్యంగా కాలర్ అంచు దగ్గర. గోరు పెట్టి పైనుంచి కిందికి గీయండి. గోరు ఎక్కడైనా తట్టుకుంటే ఆ గీత సీలును కోస్తుంది. రంగు మాత్రమే పోయి గోరుకు తగలకపోతే కంగారు అక్కర్లేదు. గొట్టం వంగినట్టు అనుమానం ఉంటే, ఈమధ్య గట్టిగా పడి ఉంటే, ఇక్కడే ఆగి తెలిసినవాళ్లకు చూపించండి.

2. సీటు క్లాంప్ బోల్టు

అన్నిటికంటే ఎక్కువ మందికి ఇక్కడే పరిష్కారం దొరుకుతుంది, అందుకని కాస్త నిదానంగా చదవండి.

డ్రాపర్ బయటి గొట్టం పలచగా ఉంటుంది. మామూలు సీటు పోస్ట్‌ను బిగించినట్టు దీన్ని బిగిస్తే ఆ గొట్టం కంటికి కనపడనంత నలుగుతుంది. లోపల జారే గొట్టానికి అంత చాలు, పట్టేస్తుంది. సైకిల్ ఎవరికైనా సర్వీసుకు ఇచ్చి తెచ్చుకున్నాక సమస్య మొదలైందంటే తొంభై పాళ్లు ఇదేనని నేను అనుకుంటాను. సీటు తిరగకూడదని మెకానిక్ మంచి మనసుతోనే గట్టిగా బిగిస్తాడు.

పరీక్ష ఇలా చేయండి. ఇప్పుడున్న ఎత్తును టేపుతో గుర్తు పెట్టుకోండి. బోల్టును ఒకటిన్నర చుట్లు వదులు చేయండి. ఒక చేత్తో బయటి గొట్టాన్ని కదలకుండా పట్టుకుని లివర్ నొక్కి సీటు దించి, లేపి చూడండి. ఇప్పుడు హాయిగా కదిలితే దొంగ దొరికినట్టే.

తర్వాత బోల్టును పావు చుట్టు చొప్పున బిగిస్తూ, ప్రతిసారీ సీటు లేపి చూడండి. వేగం తగ్గడం మొదలైన చోట ఆగి, కొంచెం వెనక్కి తిప్పండి. టార్క్ రెంచ్ ఉంటే క్లాంప్ మీద, పోస్ట్ మీద రాసిన అంకెలు చూడండి, సాధారణంగా 4 నుంచి 6 న్యూటన్ మీటర్ల మధ్య ఉంటాయి. రెండింట్లో తక్కువది మీ గరిష్ఠం. అంతకంటే తక్కువలో సీటు నిలబడితే ఇంకా మంచిది. టార్క్ రెంచ్ లేకపోతే ఆలెన్ కీ పొడవు కొసను బోల్టులో పెట్టి, పొట్టి కొసను రెండు వేళ్లతో తిప్పండి. అప్పుడు అతిగా బిగించాలన్నా బలం చాలదు.

"అంత తక్కువ బిగిస్తే పోస్ట్ మొత్తం ఫ్రేమ్‌లోకి జారిపోతోంది" అంటే మళ్లీ బోల్టు మీద పడకండి. పోస్ట్ తీసి, ఫ్రేమ్ లోపలి గ్రీజంతా ఆల్కహాల్‌తో తుడిచి, కార్బన్ అసెంబ్లీ పేస్ట్ పలచగా రాయండి. సన్నటి ఇసుక రేణువుల్లాంటివి ఉండే పేస్ట్ అది. తక్కువ బిగింపుతోనే పట్టు ఇస్తుంది. కార్బన్ ఫ్రేమ్‌కే కాదు, అల్యూమినియం ఫ్రేమ్‌కూ పనికొస్తుంది.

అయినా జారుతుంటే పోస్ట్ సైజు చూడండి. 27.2, 30.9, 31.6, 34.9 మిల్లీమీటర్లు మామూలుగా దొరికే కొలతలు. 31.6 ఫ్రేమ్‌లో 30.9 పోస్ట్ పెట్టి, సందులో కూల్‌డ్రింక్ డబ్బా రేకు చుట్టినవాళ్లను చూశాను. ఆ రేకు ఒకచోట మందంగా, ఒకచోట పలచగా ఉండి గొట్టాన్ని అసమానంగా నొక్కుతుంది. సరైన షిమ్ (సందు పూడ్చే సమాన మందపు గొట్టం) కొనండి, పెద్ద ఖర్చేం కాదు.

ఇంకొకటి, ఎవరూ చూడనిది. పోస్ట్ దిగే ఫ్రేమ్ గొట్టం మీద నీళ్ల సీసా స్టాండు బోల్టులు ఉంటాయి. అవి పొడవుగా ఉంటే ఫ్రేమ్ లోపలికి పొడుచుకొచ్చి పోస్ట్‌కో వైరు అవుటర్‌కో తగులుతాయి. కొత్త బాటిల్ కేజ్ పెట్టుకున్నాక సమస్య మొదలైతే ముందు ఆ రెండు బోల్టులు విప్పి చూడండి. బాగైతే పొట్టి బోల్టులు వేయండి.

3. వైరు బిగుతు

లివర్‌ను వేలితో మెల్లగా కదపండి. మొదటి ఒకటి రెండు మిల్లీమీటర్లు ఖాళీగా కదిలి, తర్వాత బరువు తెలియాలి. అసలు ఖాళీ లేకపోతే వైరు బిగుతు ఎక్కువ, తాళం ఎప్పుడూ కొంచెం తెరిచే ఉంటుంది, సీటు కుంగుతుంది. సగం దూరం ఖాళీగా తిరుగుతోందంటే వదులు ఎక్కువ, తాళం సగమే తెరుచుకుంటుంది, సీటు నెమ్మదిగా వస్తుంది.

లివర్ దగ్గర వైరు లోపలికి వెళ్లే చోట చేత్తో తిప్పే చిన్న బ్యారెల్ ఉంటుంది. దాన్ని బయటికి వచ్చేలా తిప్పితే వైరు బిగుస్తుంది, లోపలికి తిప్పితే వదులవుతుంది. అర చుట్టు చొప్పున తిప్పి చూడండి. బ్యారెల్ పూర్తిగా బయటికి వచ్చేసినా చాలకపోతే దాన్ని మొత్తం లోపలికి తిప్పేసి, వైరు పట్టిన బోల్టు దగ్గర వైరును లాగి మళ్లీ బిగించాలి. కొన్ని మోడళ్లలో ఆ బోల్టు లివర్ దగ్గర ఉంటుంది, కొన్నింట్లో పోస్ట్ అడుగున.

ఇప్పుడు హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకు తిప్పి సీటు లేపండి. తర్వాత కుడికి తిప్పి లేపండి. ఒక పక్కకు బాగుండి ఇంకో పక్కకు పట్టేస్తే అవుటర్ పొట్టిదైంది, లేదా ఎక్కడో మెలిపడింది.

ఆ మెలి ఎక్కువగా పోస్ట్ అడుగునే పడుతుంది, అదీ మన చేతులతోనే. సీటు ఎత్తు తగ్గించాలని క్లాంప్ వదులు చేసి పోస్ట్‌ను కిందికి తోసేస్తాం. లోపలున్న అవుటర్‌కు పోవడానికి దారి లేక చుట్ట చుట్టుకుని విరుగుతుంది. ఇకనుంచి పోస్ట్‌ను కిందికి తోసేటప్పుడు రెండో చేత్తో ఫ్రేమ్ ముందు నుంచి అవుటర్‌ను అంతే మేర బయటికి లాగండి. పైకి తీసేటప్పుడు లోపలికి తోయండి. రైల్లోనో బస్సులోనో పంపడానికి సైకిల్‌ను అట్టపెట్టెలో సర్దేటప్పుడు ఈ తప్పు చాలామంది చేస్తారు.

4. వైరు విడదీసి పరీక్ష

ఇక్కడి నుంచి దారి రెండుగా చీలుతుంది. తప్పు వైరుదా పోస్ట్‌దా అన్నది ఈ ఒక్క పరీక్ష తేల్చేస్తుంది. ఐదు నిమిషాల పని, కానీ దీన్ని చేయకుండానే పార్టులు ఆర్డర్ చేసేవాళ్లే ఎక్కువ.

సీటును వీలైనంత కిందికి దించండి. క్లాంప్ వదులు చేసి, అవుటర్‌ను ముందు నుంచి తోస్తూ పోస్ట్‌ను పైకి తీయండి. అడుగున వైరు తగిలించిన చిన్న మీట కనిపిస్తుంది. ఫోటో తీసుకుని వైరు తప్పించండి. పోస్ట్‌ను అడ్డంగా పట్టుకుని ఆ మీటను బొటనవేలితో నొక్కండి. వేలికి బలం చాలకపోతే ఆలెన్ కీ ఆసరా తీసుకోండి.

జాగ్రత్త: సీటు బలంగా బయటికి వస్తుంది. మీ ముఖం, పిల్లల ముఖం దానికి ఎదురుగా ఉండకూడదు.

సీటును గోడకు ఆనించి (మధ్యలో మడిచిన దుప్పటి పెట్టి), మీట నొక్కుతూ పోస్ట్‌ను ముందుకు తోస్తే లోపలికి పోతుంది. మీట నొక్కగానే మళ్లీ బయటికి రావాలి. ఐదారుసార్లు చేయండి.

చేతిలో బాగా పనిచేసి ఫ్రేమ్‌లో పట్టేస్తుంటే తప్పు వైరుదో క్లాంప్‌దో. క్లాంప్ ఇప్పటికే చూశారు కాబట్టి వైరు, అవుటర్ రెండూ మార్చేయండి. ఒక్క ఇన్నర్ మార్చి పాత అవుటర్ ఉంచితే డబ్బు మిగలదు, అవుటర్ లోపలి తుప్పు నెలలోనే కొత్త వైరును కూడా తినేస్తుంది. విశాఖ లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఉన్నవాళ్లు స్టెయిన్‌లెస్ ఇన్నర్ తప్ప వేరేది వేయకండి.

వైరు మార్చేటప్పుడు జరిగే తప్పులు:

గేర్ అవుటర్ బదులు బ్రేక్ అవుటర్ వేస్తారు. బ్రేక్ అవుటర్‌లో తీగ చుట్టలుగా ఉంటుంది, లాగినప్పుడు కొంచెం కుదించుకుపోతుంది, పైగా లావు 5 మిల్లీమీటర్లు. గేర్ అవుటర్‌లో తీగలు నిలువుగా ఉంటాయి, లావు 4. మీకు కావలసింది రెండోది.

అవుటర్‌ను మామూలు కటింగ్ ప్లయర్‌తో నలిపి కోస్తారు. కోసిన చోట లోపలి ప్లాస్టిక్ గొట్టం మూసుకుపోతుంది. కొస చదునుగా ఉండేలా ఆకురాయితో రుద్ది, పిన్నీసు మొనతో లోపలి రంధ్రాన్ని గుండ్రంగా తెరవండి. ఈ చిన్న పని లివర్ బరువును బాగా తగ్గిస్తుంది.

పాత అవుటర్ లాగేశాక కొత్తది ఫ్రేమ్‌లోకి ఎలా పోనివ్వాలో తెలియక గంటలు పోతాయి. పాత అవుటర్ తీయకముందే దాని కొసకు కొత్త అవుటర్ కొస ఆనించి, రెండింటి లోపలా ఒకే పాత ఇన్నర్ వైరు దూర్చి, బయట టేపు చుట్టండి. పాతదాన్ని లాగితే కొత్తది దాని వెంటే వస్తుంది.

చేతిలో కూడా నెమ్మదిగానే వస్తుంటే తప్పు పోస్ట్‌దే. ముందుకు వెళ్దాం.

5. గాలి (వాల్వ్ ఉన్నవాటికి మాత్రమే)

మీ పోస్ట్ కార్ట్రిడ్జ్ సీలు చేసినదైతే ఈ అంచె మీకు వర్తించదు. లోపల ఎక్కువ ఒత్తిడిలో వాయువు ఉంటుంది. దాన్ని విప్పడం, రంధ్రం చేయడం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

వాల్వ్ ఉన్నవాటిలో అది సీటు కింద తల దగ్గరో, పోస్ట్ అడుగునో ఉంటుంది. సీటు పూర్తిగా పైకి ఉన్నప్పుడే గాలి కొట్టాలి. షాక్ పంపే వాడాలి, టైరు పంపు అంత ఒత్తిడికి పనికిరాదు. ఎంత కొట్టాలో మోడల్‌ను బట్టి మారుతుంది: నూనెతో పనిచేసే పాత రాక్‌షాక్స్ రివర్బ్‌కు 250 పీఎస్‌ఐ, వన్‌అప్ వీ2కు 250 నుంచి 300. మీ దాని మాన్యువల్ చూసి, అందులోని గరిష్ఠం దాటకండి. మరీ ఎక్కువైతే సీటు దించడం కష్టమవుతుంది, పైకి వచ్చేటప్పుడు తుపాకీలా కొడుతుంది.

ఇక్కడ అందరూ పడే గాభరా ఒకటుంది. పంపు తగిలించగానే ముల్లు 250 బదులు 180 చూపిస్తుంది. "గాలి కారుతోంది" అనుకుంటారు. కాదు. పోస్ట్ లోపల గాలి చాలా కొంచెం, అందులో కొంత పంపు గొట్టంలోకి వెళ్లింది, అంతే. కావలసినంత కొట్టి తీసేయండి. తీసేటప్పుడు వచ్చే బుస్సుమనే శబ్దం చాలావరకు గొట్టంలోని గాలిదే. మళ్లీ మళ్లీ పంపు పెట్టి చూసుకోకండి, చూసిన ప్రతిసారీ తగ్గుతూనే ఉంటుంది. నిజంగా కారుతోందో లేదో తెలియాలంటే రెండు మూడు రోజులాగి సీటు వేగం చూడండి.

6. కాలర్ విప్పి శుభ్రం చేసి గ్రీజు పెట్టడం

మెరిసే గొట్టం లోపలికి వెళ్లే చోట మరలు ఉన్న చుట్టు ఉంటుంది, అదే కాలర్. దాని లోపల దుమ్ము ఆపే సీలు, కింద జారడానికి సాయపడే బుషింగ్ ఉంటాయి. మన ఎర్రమట్టి దుమ్ము పిండిలా మెత్తగా ఉంటుంది. సీలు అంచున చేరి, లోపలున్న గ్రీజుతో కలిసి ముద్దవుతుంది. నల్లరేగడిలో తొక్కేవాళ్లకు ఆ ముద్ద ఎండితే సిమెంటే. దానికి తోడు వాటర్ సర్వీసింగ్ గన్‌తో సీటు కింద కొట్టించారంటే మట్టినీ నీళ్లనూ మనమే సీలు దాటించి లోపలికి పంపినట్టు. సైకిల్‌ను బకెట్ నీళ్లతో, గుడ్డతో కడగండి.

సీటు పూర్తిగా పైకి లేపి, కాలర్‌ను చేత్తో విప్పండి. జారుతుంటే పాత ట్యూబ్ ముక్క చుట్టి పట్టుకోండి. పైపు రెంచ్, ప్లయర్ వద్దు, కాలర్ పలచటి అల్యూమినియం, నలిగిపోతుంది. ఎంతకీ రాకపోతే బెల్టు రెంచ్ వాడండి. మెరిసే గొట్టాన్ని దేనితోనూ పట్టి బిగించకండి, రిపేర్ స్టాండు దవడలతో కూడా.

కాలర్‌ను పైకి జరపండి. చాలా మోడళ్లలో బుషింగ్ కూడా దానితో పాటో, దాని వెనకో పైకి వస్తుంది. అది ఏ దిక్కున ఉందో ఫోటో తీసుకోండి. పాత గ్రీజంతా పొడి గుడ్డతో, తర్వాత ఆల్కహాల్ గుడ్డతో తుడవండి. సీలు పెదవి లోపలివైపు చెవులు శుభ్రం చేసే పుల్లతో తిప్పి తీయండి. ఆ పుల్లకు అంటుకొచ్చే ఎర్రటి ముద్ద చూస్తే సీటు ఎందుకు రావట్లేదో అర్థమవుతుంది.

కొత్త గ్రీజు సీలు లోపలా, బుషింగ్ లోపలా పలచటి పొరగా రాయండి. మొత్తం కలిపి శనగగింజంత చాలు. ఎక్కువ పెడితే అది బయటికొచ్చి దుమ్మును పిలుస్తుంది. కాలర్ దించి, మరలు అడ్డం పడకుండా మొదటి రెండు చుట్లు వేళ్లతోనే తిప్పి, చేత్తో గట్టిగా అనిపించేదాకా బిగించండి.

ఏ గ్రీజు పడితే ఆ గ్రీజు పెట్టడం ఇక్కడ జరిగే పెద్ద తప్పు. బండి బేరింగుల మందపాటి గ్రీజు పెడితే శుభ్రం చేయకముందు కంటే నెమ్మదిగా వస్తుంది. అమెరికా, కెనడాల్లో చలికాలంలో తొక్కే మనవాళ్లకు అది ఇంకా గడ్డకడుతుంది. అక్కడ సున్నా డిగ్రీల దగ్గర మంచి పోస్ట్ కూడా కొంత నెమ్మదిస్తుందని గుర్తుంచుకోండి, అది లోపం కాదు. చైన్ ఆయిల్ దుమ్ము పట్టుకుంటుంది. డబ్ల్యూడీ-40 కొట్టగానే అద్భుతంగా జారుతుంది, అందుకే అందరూ నమ్ముతారు. కానీ అది లోపల మిగిలిన గ్రీజును కరిగించి కడిగేస్తుంది. రెండు రైడ్‌ల తర్వాత గొట్టం పొడిగా, మునుపటికన్నా గట్టిగా పట్టేస్తుంది.

లోపలి గొట్టాన్ని పూర్తిగా బయటికి తీయడం దీని తర్వాతి మెట్టు. సీటు పక్కలకు తిరగకుండా ఆపే చిన్న ఇత్తడి కీలు అక్కడే ఉంటాయి, అవి అరిగినా ఒరిగినా పట్టేస్తాయి. దానికి చాలా మోడళ్లలో అడుగున కార్ట్రిడ్జ్ పట్టిన భాగం విప్పాలి. మీ మోడల్ సొంత సర్వీస్ మాన్యువల్ ముందు పెట్టుకుంటేనే చేయండి. కీలు ఏ గాడిలో ఏది ఉందో తారుమారు చేయకండి, గాడుల కొలతను బట్టి వేర్వేరు సైజులవి వేసి ఉండవచ్చు. సీటు ముక్కు పట్టుకుని తిప్పితే రెండు మూడు మిల్లీమీటర్లు ఆడటం మామూలే, దానికోసం ఏదీ విప్పనక్కర్లేదు.

7. స్ప్రింగులా ఊగుతుంటే

నూనెలోకి గాలి చేరినప్పుడు ఇలా అవుతుంది. దించి ఉన్న సీటును పట్టుకుని సైకిల్ మొత్తం ఎత్తడం, సైకిల్‌ను తలకిందులుగా చాలాసేపు ఉంచడం కొన్ని రకాలకు ఇది తెచ్చిపెడతాయి. పంక్చర్ వేయడానికి సైకిల్ తిరగేయడం మనకు అలవాటు. డ్రాపర్ ఉన్నవాళ్లు చక్రం విప్పి పక్కకు పడుకోబెట్టడం మేలు. గోడకు సీటుతో వేలాడదీసేవాళ్లు సీటు పూర్తిగా పైకి లేపి వేలాడదీయండి.

బైక్‌యోక్ రివైవ్‌కు ఆ గాలిని బయటికి పంపే వాల్వ్ సీటు తల దగ్గరే ఉంటుంది, ఆలెన్ కీతో తిప్పి పట్టుకుని సీటును కిందికి నొక్కితే సరిపోతుంది. 2020 తరం రివర్బ్‌లకూ ఇలాంటి ఏర్పాటు ఉంది. మిగతా చాలావాటికి కార్ట్రిడ్జ్ మార్చడమే దారి. ఇప్పుడు ఆర్డర్ చేస్తే ఆ డబ్బు దండగ కాదు.

8. బాగైందని ఎలా తెలుస్తుంది

పోస్ట్ తిరిగి పెట్టేటప్పుడు దాని మీదున్న కనీస లోతు గీత ఫ్రేమ్ లోపలికి వెళ్లాలి. క్లాంప్ చీలిక దగ్గర పాత ట్యూబ్ ముక్క ఒకటి చుట్టండి. వెనక చక్రం చిమ్మే బురద ఆ చీలికలోంచే ఫ్రేమ్‌లోకి దిగి, అడుగున మీటను పట్టేయిస్తుంది.

తర్వాత ఇవి వరుసగా చూడండి. సీటు పదిసార్లు దించి లేపండి. మొదటిసారీ పదోసారీ ఒకే వేగం ఉండాలి, చివర "టక్" అని ఆగే శబ్దం వినపడాలి. హ్యాండిల్ రెండు పక్కలకూ తిప్పి మళ్లీ చూడండి. సీటును సగంలో ఆపి లివర్ వదలండి, పూర్తి బరువుతో కూర్చుని ఒక నిమిషం ఉండండి, కుంగకూడదు. కాలర్ పైన మెరిసే గొట్టం మీద టేపుతో ఒక గీత పెట్టి రాత్రంతా వదిలేయండి. ఉదయానికి గీత కదిలి ఉంటే వైరు ఇంకా కొంచెం బిగుతుగా ఉంది, బ్యారెల్‌ను అర చుట్టు లోపలికి తిప్పండి. చూశాక ఆ టేపు తీసేయడం మర్చిపోవద్దు, అలాగే సీటు దించితే జిగురు సీలుకు అంటుతుంది.

ఇంకో టేపు ముక్క ఫ్రేమ్ అంచున బయటి గొట్టానికి చుట్టి మొదటి రైడ్‌కు వెళ్లండి. కాస్త ఎగుడుదిగుడు దారిలో అరగంట తొక్కాక దిగి చూడండి. టేపు ఫ్రేమ్‌లోకి దిగిపోతే క్లాంప్‌ను ఎనిమిదో వంతు చుట్టు బిగించి, అక్కడే నిలబడి సీటు ఒకసారి లేపి చూడండి. వేగం తగ్గకపోతే అదే మీ సైకిల్‌కు సరైన బిగుతు. ఆ అంకె టార్క్ రెంచ్ మీద ఎంత ఉందో ఫోన్‌లో రాసి పెట్టుకుని, ఈసారి సర్వీసుకు ఇచ్చేటప్పుడు మెకానిక్‌కు ముందే చెప్పండి.